తొమ్మిదో ఆకు

వెనక తలుపు తట్టిన ముసలావిడ చేతిలో ఆకుల కట్ట ఉంది. వేళ్లకింకా తడిమట్టి.

"ఇవాళ్టి గంబో పులుసులోకి, తల్లీ. ఏటి గట్టున కోసుకొచ్చాను."

"కలుపు మొక్కలా? మాకొద్దు మామ్మా" అంది డెల్ఫీన్.

పెళ్లయి మూడు వారాలు. కూర తరిగేటప్పుడు కూడా ఆర్మాండ్, తను మోచేతులు తగిలేలా నిలబడతారు. న్యూ ఆర్లీన్స్‌ను ముంచిన వరదలో మూతబడ్డ ఈ హోటల్‌ను ఏజెంటు ద్వారా కొన్నారు. ఒకప్పుడు ఈ వీధి క్రియోల్ వాళ్లందరికీ ఇదే చావడి. ఇవాళ, ఈస్టర్ ముందరి పవిత్ర గురువారం నాడు, ఆకుకూరల గంబోతో మళ్లీ తెరుస్తున్నారు. వీధి రాకపోతే నెల తిరక్కుండా మళ్లీ తాళమే.

"ఎన్ని రకాల ఆకు వేశావు?" అంది ముసలావిడ.

"ఎనిమిది."

ముసలావిడ పకపకా నవ్వింది.

"సరి సంఖ్యా? ఎన్ని ఆకులో ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులు. లెక్క బేసి కావాలి. సరైతే జంటలు జంటలుగా కూర్చుంటారు, కొత్తవాడికి చోటుండదు. మీ ఇద్దరిలాగే."

డెల్ఫీన్ బుగ్గలు వేడెక్కాయి.

"మిస్ లియొంటీన్ నడిపిన హోటల్ ఇది. ఆవిడ వంట మాకు నేర్పకండి."

"అమ్మో, ఆవిడతో నేను పెట్టుకోను. మహా నోరు."

కట్టను మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

పన్నెండైంది. ఒక్కరూ రాలేదు.

"పోయేదేముంది?" అంటూ ఆర్మాండ్ ఆ ఆకు కడిగి కుండలో వేశాడు.

గరిటె తిప్పుతుండగానే ముందు తలుపు గంట మోగింది. బాకా వాయించే అరిస్టీడ్. వెనక పక్కింటివాళ్లు. వాళ్ల వెనక పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. కుర్చీలు చాలలేదు.

"ఎవరు చెప్పారు తాతా?"

"ఒకావిడ ఇల్లిల్లూ తలుపు కొట్టింది. కుండలో తొమ్మిదో ఆకు పడుతోంది, రండి అని."

డెల్ఫీన్ గబగబా గిన్నె నింపింది.

"ఎక్కడున్నారు? ముందు ఆవిడకే వడ్డించాలి."

"హ్యూస్టన్ బస్సెక్కేసింది. వచ్చే ఏడాది పదకొండు వెయ్యమంది నిన్ను."

"హ్యూస్టన్‌లో ఎవరున్నారు?"

"కూతురు. వరదప్పుడు వచ్చి తీసుకుపోయింది." అరిస్టీడ్ చెంచాతో కిటికీ బయటికి చూపించాడు. "పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది బంగారం."

నిన్న ఆర్మాండ్ భుజాల మీద కూర్చుని తానే రంగు వేసిన బోర్డును డెల్ఫీన్ మళ్లీ చదివింది: 'లియొంటీన్ వంటిల్లు'.