వాలు దగ్గర దిగినవాళ్లు

బాబాయ్,

ఆదివారం నీ గేర్ల సైకిలు అమ్మేస్తున్నావని పిన్ని చెప్పింది. అందుకే ఇవాళే రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు మాట మార్చేస్తావు.

పోయినసారి నేను వచ్చినప్పుడు మీ సైకిళ్ల జట్టుతో పాటు నన్నూ గుట్ట మీదికి తీసుకెళ్లావు. తిరిగి కిందికి వచ్చేటప్పుడు నిటారు వాలు రాగానే నువ్వు దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చావు. పెద్దవాళ్లంతా చూస్తుండగా నేను, "ఏం బాబాయ్, అంత డబ్బు పోసి కొన్నది దీన్ని షికారు తిప్పడానికా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

"సైకిలు కొత్తదే తల్లీ, తొక్కేవాడే పాతబడ్డాడు" అని నువ్వూ నవ్వావు.

నేను ఊరికి తిరిగొచ్చిన మర్నాడే నువ్వు పడి భుజం విరగ్గొట్టుకున్నావు. కుక్క అడ్డం వచ్చిందన్నావు. ఆ కుక్కను నేనూ నోరారా తిట్టాను.

నిన్న పిన్ని నోరు జారింది. "ఈసారి పిల్ల వచ్చేసరికి సైకిలు దిగకుండా కిందికి రావాలి" అంటూ ఆ పొద్దున నువ్వొక్కడివే గుట్టకు వెళ్లావట. కుక్కా లేదు, ఏమీ లేదు. నన్ను కాపాడటానికే ఆ మాట పుట్టించావు.

మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కదా, ఈ కార్డు నీకు చదివి వినిపించేది ఎదురింటి లెక్చరర్ గారే. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. మాస్టారూ, ఈ ముక్క కూడా పైకే చదవండి. ఆ వాలు దగ్గర మీరూ దిగి నడిచారు. మిమ్మల్ని అనడానికి నాకు నోరు రాలేదు. మా బాబాయినైతే అనగలిగాను.

సైకిలు అమ్మొద్దు బాబాయ్. శనివారం, పద్దెనిమిదో తేదీలోగా జవాబు రాయించు.