రెండో టెంకాయ

"రెండెందుకత్తా? ఒకటి చాలంట గదా," అంది స్వర్ణలత, ఆటోలో అత్త ఒళ్లో ఉన్న సంచీలోకి తొంగిచూసి.

"గతుకులొస్తున్నాయి. కడుపు పట్టుకొని కూచో," అంది ఆదిలక్ష్మమ్మ.

స్వర్ణకు ఏడో నెల. నడుముకు కుడిపక్క నీటిపొక్కులు వరసగా లేచాయి. చీర తగిలితే నిప్పు తగిలినట్టే ఉంది. చూసినవాళ్లంతా సర్పి అన్నారు. అది నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కదని, ఆలోగా కొమరోలు పక్క ఊరి బ్రహ్మం చేత ఎర్రమన్నుతో గీయించుకోవాలని చెప్పారు. గీసేముందు ఒక టెంకాయ. తగ్గాక మరో టెంకాయ తెచ్చి మొక్కు తీర్చుకోవాలి. తీర్చకపోతే సర్పి ఆ ఇల్లు వదలదట.

గిద్దలూరు డాక్టరమ్మ మాట వేరు. "చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసింది కదా. ఆ క్రిమి అప్పట్నుంచి నీ నరాల్లో నిద్రపోతూనే ఉంది. ఒంట్లో శక్తి తగ్గితే లేస్తుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఇట్లా చిన్న వయసులోనే లేస్తుంటుంది. పొక్కులకిచ్చిన మాత్రలు, హెచ్ఐవీ మాత్రలు రెండూ మానొద్దు. బిడ్డకు అంటకుండా కాపాడుకుందాం. మీ ఆయన్ని కూడా రక్తపరీక్షకు తీసుకురా."

"నాకేం రోగం?" అన్నాడు చెన్నకేశవులు. బోరు దగ్గర స్నానానికైనా బనీను విప్పని సిగ్గరి, ఆ ఒక్కమాట మాత్రం వీధంతా వినపడేలా అన్నాడు.

మూడో నెలలో జబ్బు బయటపడ్డప్పటి నుంచి స్వర్ణ కంచం వేరు, గ్లాసు వేరు. "పెండ్లికి ముందు ఒంగోలులో బట్టల దుకాణంలో చేసింది. నిప్పు లేంది పొగ వస్తాదా?" అని అత్త పదిమందిలో అనేది. "అట్లాంటిదాన్ని ఇంట్లో పెట్టుకున్నాడంటే కేశవులు దేవుడే," అని ఆ పదిమందీ మెచ్చుకునేవాళ్లు. దేవుడే మరి, ఉలకడు పలకడు. స్వర్ణ ఏ తప్పూ చేయలేదు. చిన్నప్పుడు ఆపరేషన్లో ఎక్కించిన రక్తం వల్లనేమో అనుకుంది. అయినా మొగుడి కాళ్లు పట్టుకొని ఏడ్చింది. కాన్పు కాగానే ఆమెను పామూరులో పుట్టింటికి పంపేస్తామని, బిడ్డను మాత్రం తామే ఉంచుకుంటామని అత్త తేల్చేసింది.

ఆటో గతుకులు దాటాక, "అత్తా, నన్ను పంపొద్దు. మూల పడుంటా. బిడ్డను వదిలి బతకలేను," అంది స్వర్ణ.

ఆదిలక్ష్మమ్మ రోడ్డు పక్కన మేస్తున్న గొర్రెలను చూసింది. తర్వాత, "మాత్ర ఏసుకున్నావా?" అంది.

ఇన్ని నెలల్లో అత్త ఆ మాట అడగడం అదే మొదలు.

"ఏసుకున్నా."

"తిన్నాక ఏసుకో. ఉత్త కడుపున ఏసుకుంటే వాంతికొస్తాది. మొదట్లో నిద్ర గూడా సరిగా పట్టదు. భయపడబాక."

స్వర్ణ అత్త వైపు తిరిగింది. మాత్రల డబ్బా కూడా ముట్టని మనిషి ఇదంతా ఎవరినో అడిగి తెలుసుకున్నదన్నమాట. కోడలి కోసం.

"ఆ రెండో టెంకాయ బిడ్డ కోసమా అత్తా?"

ఆదిలక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఊ," అంది.

ఇంక తనను పంపరని స్వర్ణకు నమ్మకం కలిగింది. నడుము మంట కాసేపు తెలియలేదు. ఈ మనిషినా ఇన్నాళ్లూ మనసులో తిట్టుకున్నానని సిగ్గుపడింది.

బ్రహ్మం పంచలో కూర్చుని రాతి మీద ఎర్రమన్ను అరగదీస్తున్నాడు. ముసలాయన కండ్లకు పొర కమ్మింది కానీ, గొంతు విని మనిషిని పోల్చుకుంటాడు. స్వర్ణ వెళ్లి ఆయన ముందు చాప మీద ఒత్తిగిలి పడుకుంది.

ఆదిలక్ష్మమ్మ రెండు టెంకాయలూ గబగబా ఆయన ముందుకు తోసింది. "పెద్దాయనా, ముందు ఇవి లోపల పెట్టు. మాటలొద్దు, పని చూడు."

ఆ గొంతుకు బ్రహ్మం తలెత్తాడు. ఒక టెంకాయను పక్కన పెట్టాడు. రెండోదాన్ని చెవి దగ్గర ఆడించి, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"పెండ్లికి ముందు మీ కేశవులుకు గీసినానే, ఆ మొక్కా ఇది?"