పిల్లి శకునం

ఆటో ఎక్కబోతున్న వరాహనరసింహం గేటు దగ్గరే ఆగిపోయాడు. "పిల్లి ఎదురొచ్చింది. రేపెళ్దాం."

రాయగడలో వీధిపిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే శిబిరం ఆ రోజుతో ఆఖరు. దాన్ని పెట్టించిన కాలనీ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. పట్టిన పిల్లి భార్య జగదాంబ చేతి బుట్టలో గింజుకుంటోంది.

"నిరుడూ ఇలాగే ఆగిపోయేరు. రెండు పిల్లులు కాస్తా పదయ్యేయి."

"కాళ్లు కడుక్కుని కాసేపు కూచుంటాను. శకునం మారాలి కదా."

"మీరు లేచేసరికి ఇంకోటి ఎదురొస్తాది. వీధినిండా అవే కదండీ!"

జగదాంబ ఒక్కతే ఆటో ఎక్కి, బుట్ట ఒళ్లో పెట్టుకుంది.

"ఏటే, నీకు శకునం పట్టదా?"

"పడుతుందండీ. పొద్దున్న ఈ పిల్లికి నేనే ఎదురెళ్లేను. అపశకునం దానికే."