వదులు తీగలు

నాలుగు మ్యాచ్‌లు గెలిచిందో లేదో, ఆ పిల్లకి కళ్ళు నెత్తికెక్కాయనుకున్నాను. పలకరింపైనా లేకుండా రెండు టెన్నిస్ రాకెట్లు నా బల్ల మీద పడేసింది.

"తాతా, తీగలు కాస్త వదులుగా కట్టు."

"వదులేంటి? బిగించి కట్టు," అన్నాడు వాళ్ళ నాన్న. "గంటలో ఆట. టీవీలో చూపిస్తారు."

రెండింటి పాత తీగలూ కోసేశాను. వదులు తీగలు అడిగేది బద్ధకస్తులు, లేదా చెయ్యి నొప్పున్నవాళ్ళు.

"ఏదమ్మా, ఈ పిడి పట్టుకో."

ఎడమ చెయ్యి చాపింది. కుడి మణికట్టు బుంగలా వాచి ఉంది.

"ఏమయ్యా, చూశావా దీన్ని?"

"మూడు నెలల్నుంచీ చూస్తున్నా. ఆగితే వెనకున్నవాళ్ళు తొక్కుకుంటూ పోతారు. నీ పని నువ్వు చూసుకో ముసలాయనా."

"నేను కట్టను."

"నీ కోడి కూయకపోతే తెల్లారదా? సంచిలో ఇంకోటుంది, దాంతోనే ఆడుతుంది."

ఆ పిల్ల సంచి విప్పి, ఆ రాకెట్టు తీసి నా ముందు పెట్టింది.

"ఇదీ కోసెయ్ తాతా."

కోశాను. తండ్రి మొహం చూడలేదు. చూడదగ్గ మొహం కాదది.