కాళ్ళ కింద మబ్బులు

పొగమంచు వీడని మడుగులో కప్ప తాత వంద ఆటలు దాచాడు. పున్నమికో తామరగింజ ఇస్తే చాలు, ఏ ఆటైనా ఆడుకోమనేవాడు.

కుందేలు గింజ ఇచ్చి, నీటి మీద తేలే మబ్బులెక్కి గెంతింది. చుక్కలతో దాగుడుమూతలాడింది.

“నీకున్నవి ఆ చింతపిక్కలేగా! నాకు వంద ఆటలున్నాయి” అని ఉడుతను వెక్కిరించింది. ఉడుత లోలోపల కుళ్ళుకుంది.

ఎండలు ముదిరి తామరలు వాడిపోయాయి. ఆ పున్నమికి కుందేలుకు గింజ దొరకలేదు. మబ్బులు దాని కాళ్ళ కిందే కరిగిపోయాయి.

“నా మబ్బులేవి తాతా? ఇంకొక్క గెంతుతో చందమామ అందేది!”

“ఆడుకో అన్నాను గానీ, ఉంచుకో అన్నానా తల్లీ?” అన్నాడు కప్ప తాత.

ఏడుస్తున్న కుందేలు ముందు ఉడుత చింతపిక్కలు పరిచింది. “దా, ఆడదాం. ఆ మబ్బులు ఎలా ఉండేవో చెప్పవూ?”

కుందేలు చెబుతూ పోయింది. వింటూ వింటూ ఉడుత పిక్కలు వెయ్యడమే మరచిపోయింది.