చివర ఒక చుక్కంట

కోటిలింగం పొద్దున్నే కొట్టు తలుపులు తీసి, అగరొత్తులైనా వెలిగించకుండా ముందు కంప్యూటర్ ఆన్ చేస్తాడు. వన్‌టౌన్‌లో చుట్టుపక్కల బట్టల కొట్లవాళ్లకు ఇదో వింత. లక్ష్మీదేవికి లేని మర్యాద ఆ డబ్బాకెందుకని వెనకాల నవ్వుకుంటారు.

నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు ముక్కలు వరసలు వరసలుగా పరుగెత్తుతాయి. వాటిలో ఒక్కటీ ఆయనకు అర్థం కాదు. ఆయన ఎదురుచూసేది ఆఖరి వరస కోసం. అన్నీ అయ్యాక, ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒక తెలుగు మాట వచ్చి నిలబడుతుంది.

'నాన్నా, కళ్లజోడు పెట్టుకో.'

కళ్లజోడు లేకుండా ఆయనకు ఆ మాట కనబడదు. కనబడనక్కర్లేదు కూడా.

కూతురు బాలత్రిపురసుందరి చేసిన పని అది. కళ్లజోడు జేబులోనే ఉంచుకుని, నీలం చీర అడిగినవాళ్లకు నల్లది చూపించే ఘనత తండ్రిది. కూతురేమో కంప్యూటర్ చదువు చదివింది. వైరస్ బాధ ఉండదని కొట్టు కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించింది. మిషన్ లేవగానే ఏయే పనులు చెయ్యాలో వరసగా రాసిపెట్టి, చివర తండ్రి కోసం ఆ ఒక్క మాట చేర్చింది.

ఇప్పుడా పిల్ల గల్లాపెట్టె పైన ఫోటోలో ఉంది. ఫోటోకి గంధపు చెక్కల దండ. దాని దుమ్ము తుడిచేది కోటిలింగమే. భార్య నాగమల్లేశ్వరి ఆ వంక కన్నెత్తి చూడదు. దణ్ణం పెట్టుకోమంటే, అది మాత్రం తన వల్ల కాదని తేల్చి చెప్పేసింది. కన్నకడుపు మరి. ఇంట్లో ఆ పిల్ల పేరెత్తితే కోటిలింగం తినే కంచం ముందు నుంచి లేచిపోతాడు. అందుకని ఎవరూ ఎత్తరు.

బెజవాడకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త. కోటిలింగం కూడా కొట్టుకు కనెక్షన్ పెట్టించాడు. దానికి తగ్గట్టు కంప్యూటర్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు మార్చడానికి సూర్యప్రకాష్ అనే టెక్నీషియన్ వచ్చాడు. విండోస్ అయితే అతను కళ్లు మూసుకుని చేసేసేవాడు. లినక్స్ అనేసరికి కళ్లు తెరిచి కూర్చోవాల్సి వచ్చింది.

అడ్రసు మార్చాలన్నా, గేట్‌వే ఇవ్వాలన్నా, రేపు మిషన్ లేవగానే లైను దానంతటదే కలవాలన్నా, మిషన్‌కి తాళంచెవి లాంటి రూట్ పాస్‌వర్డ్ ఉండాలన్నాడు. అది అమ్మాయికే తెలుసన్నాడు కోటిలింగం. అయితే ఒక్క ఫోన్ చేసి కనుక్కోమన్నాడు సూర్యప్రకాష్.

"అమ్మాయి పోయింది బాబూ."

కొత్తగా అన్న మాటేం కాదు. అయినా అన్న ప్రతిసారీ ఆయనకు ఏడుపొస్తుంది.

సూర్యప్రకాష్ తలెత్తి ఫోటో చూశాడు. ఇంచుమించు తన ఈడే. ఎంతో నొచ్చుకున్నాడు. ఉన్నదంతా చెరిపేసి విండోస్ ఎక్కిస్తానన్నాడు. వేరే దారి ఉందేమో గానీ అతనికి తెలిసింది ఇదొక్కటే.

లేవగానే వచ్చే ఆ మాట కూడా పోతుందా అని అడిగాడు కోటిలింగం. పోతుంది. కావాలంటే అలాంటిదే తను రాసిపెడతానన్నాడు సూర్యప్రకాష్.

"నువ్వు రాస్తే అది నీ మాటవుద్ది గానీ, మా అమ్మాయి మాట ఎట్లా అవుద్ది?"

లైను లేకపోతే బయట ఊళ్ల ఆర్డర్లు పక్క కొట్లకు పోతాయి. లైను పెట్టిస్తే ఆ మాట పోతుంది. తనను నాన్నా అని పిలిచేది ఇక ఆ ఒక్క వరసే. కోటిలింగం ఎక్కువసేపు ఆలోచించలేదు. కనెక్షన్ వద్దనీ, తీసుకుపొమ్మనీ చెప్పి, పంచె చెంగుతో మొహం కప్పుకున్నాడు.

చీరలు మడతపెడుతున్న నాగమల్లేశ్వరి చేతిలో చీర అక్కడే వదిలేసి లేచింది. చెప్పులేసుకుని రోడ్డు దాటి వెళ్లింది. మొగుడి ఏడుపు చూడలేక పోయిందనుకున్నాడు సూర్యప్రకాష్. అతను సంచి సర్దుకుంటుంటే తిరిగొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"బంగారుపోగు అని కొట్టు నాయనా. అన్నీ చిన్న అక్షరాలేనంట. చివర ఒక చుక్కంట."

మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లను కోటిలింగం ముద్దుగా పిలుచుకున్న పేరది. వినగానే ఆయన మొహం పాలిపోయింది. భార్య వైపు చూడబోయి, చూడలేక తల దించుకున్నాడు.

సూర్యప్రకాష్ అలాగే కొట్టాడు. మిషన్ ఒప్పుకుంది. కొత్త అడ్రసు రాసి, గేట్‌వే ఇచ్చి, లేస్తూనే లైను అందుకునేలా పెట్టి, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాడు. వరసలు పరుగెత్తాయి. నెట్‌వర్క్ కలిసిందని పచ్చటి ఓకే పడింది. ఆ వెనకాలే ఆ మాట కూడా వచ్చి నిలబడింది.

కోటిలింగం తెర మీద చెయ్యి ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంత ప్రాణం పెట్టుకున్న తండ్రికి ఇంత అన్యాయం చేశాడేమిటని సూర్యప్రకాష్ దేవుణ్ణి తిట్టుకున్నాడు.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు. ఆవిడ 'చుక్కంట' అంది. అంటే ఎవరో చెప్పి ఉండాలి. అమ్మాయిగారు పోయాక ఆ సంగతి ఇంకెవరికి తెలుసని ఆవిణ్ణే అడిగాడు.

కోటిలింగం వద్దన్నట్టు చెయ్యెత్తాడు. నాగమల్లేశ్వరి ఆ చేతిని చూసింది, అయినా ఆగలేదు.

"దాన్నే ఫోన్‌లో అడిగొచ్చాను నాయనా, ఈ ఊళ్లోనే పటమటలో మొగుడూ పిల్లాడితో చల్లగా ఉంది, కులంగాని వాణ్ణి చేసుకుందని ఈయనే బతికున్న పిల్లకి కృష్ణలో నీళ్లొదిలారు."