పేరు పెట్టని కంకి

వాగు పొంగి చేను మునిగాక, గట్టుమీది పొదలో ఉండే కౌజుపిట్టకు పిల్లల నోట్లో పెట్టడానికి గింజ కూడా మిగల్లేదు. ఆకలితో పిల్లలు అరవడం కూడా మానేశాక, అది సిగ్గు చంపుకుని పందికొక్కు కలుగు దగ్గరికి వెళ్లింది. కలుగు నిండా జొన్నకంకులున్నాయి.

"తీసుకెళ్లమ్మా. దానం చెయ్యడానికి నేనెప్పుడూ వెనకాడను" అంది పందికొక్కు, పక్కనున్న కుందేళ్లకు వినపడేలా.

కౌజుపిట్ట కంకిని ముట్టుకోలేదు. "అన్నా, దానం అనొద్దు. చేబదులు అను. చేలు పండగానే తెచ్చిస్తాను."

"చేబదులైతే నాకు పుణ్యమెక్కడిది? పోనీ, ధర్మం అంటాను."

"అదీ దానమేగా. సాయం అనరాదూ?"

"గింజలు అవే కదా, పేరు ఏదైతే నీకేం?"

"ఏదైనా ఒకటే అయితే, మార్చడానికి నీకేం కష్టం?" అని కౌజుపిట్ట ఉత్త ముక్కుతో వెనుదిరిగింది.

దారిపొడవునా తనను తానే తిట్టుకుంది. పౌరుషం పిల్లల కడుపు నింపుతుందా? పొద చేరేసరికి వెనక అలికిడైంది. పందికొక్కు ఒంటరిగా వచ్చింది. నోటినిండా పెద్ద కంకి కరుచుకుని ఉండడంతో దానికి ఏ పేరూ చెప్పలేకపోయింది. కంకిని పిల్లల ముందు దించి, ఇంకొకటి తేవడానికి వెళ్లిపోయింది.